తెప్పలు ఒడ్డుకొచ్చేదాకా నొప్పి లేదు

1968లో, చలికాలం ఇంకా ముదరకముందే, నన్ను ఒక పరిశోధన పని మీద శ్రీకాకుళం జిల్లాకు డెప్యుటేషన్ వేశారు. అప్పటికి నేను మెడికల్ కాలేజీ ఫిజియాలజీ విభాగంలో ట్యూటర్ని. ట్యూటరంటే బోధనా సిబ్బందిలో అట్టడుగు మెట్టు. పాఠం ప్రొఫెసర్ గారు చెబుతారు. కప్పని కోసి, కాలి నరానికి కరెంటు తగిలించి, కండరం ఎగరడం విద్యార్థులకు చూపించేది మేము. పేషెంటు ముఖం చూడని డాక్టర్లమని ఆస్పత్రి వైపు వాళ్ళు మమ్మల్ని ఆటపట్టించేవారు. అందులో అబద్ధం ఏమీ లేకపోవడం వల్ల నాకు మరీ ఒళ్ళు మండేది.

మా ప్రొఫెసర్ గారి ప్రశ్న వినడానికి చాలా చిన్నది. ఒకే దెబ్బ ఇద్దరికి తగిలితే ఇద్దరికీ నొప్పి ఒకలాగే పుడుతుందా? కాలివేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించండి. ముందు చురుక్కుమంటుంది. ఊపిరి పీల్చుకునేలోపు రెండోది, సలుపు, తాపీగా వచ్చి కూర్చుంటుంది. ఒక దెబ్బకు రెండు నొప్పులన్నమాట. మొదటిది పల్చటి కొవ్వు తొడుగు ఉన్న నరపు పోగుల మీద వేగంగా వస్తుంది, రెండోది తొడుగు లేని ఇంకా సన్నటి పోగుల మీద నెమ్మదిగా వస్తుంది. ఏదైనా సరే వెన్నుపాము మీదుగా మెదడుకు చేరాక గానీ మనిషి 'అబ్బా' అనడు. పోగులు అందరిలోనూ అవే. మరి 'అబ్బా' ఒకరు ముందూ ఒకరు వెనకా ఎందుకంటారన్నదే ఆయన తేల్చుకోవాలనుకున్నది. అందుకు పొలం పనులు చేసుకునే ఇళ్ళ ఆడవాళ్ళనీ, సముద్రం మీద బతికే ఇళ్ళ ఆడవాళ్ళనీ పోల్చమని నన్ను పంపారు.

నా దగ్గర పరికరాలు రెండు. ఒకటి ఇత్తడి కడ్డీ. లోపల స్ప్రింగు, మొన మొద్దుగా ఉంటుంది, ఒంటినిండా గీతలు. మోకాలి కింద ఎముక మీద ఆనించి మెల్లగా నొక్కుతూ పోవాలి. మనిషి 'నొప్పి' అన్నప్పుడు కడ్డీ ఏ గీత దగ్గర ఉందో అదే ఆ మనిషి నొప్పి మట్టం. రెండోది చర్మం తీరును పట్టి చూపే పెట్టె. అరచేతికి రెండు వెండి బిళ్ళలు కట్టి, బ్యాటరీ నుంచి మనిషికి తెలియనంత కరెంటు పంపుతాం. నొప్పి మెదడుకు చేరగానే అరచేతిలో చెమట గ్రంథులు మేలుకుంటాయి, కరెంటు తేలిగ్గా పారుతుంది, పెట్టె మీద ముల్లు కదులుతుంది. ఇది మనిషి మాటతో పనిలేని కొలత. కాలేజీలో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, నాకు మాత్రం దాని మీద ఎక్కడలేని మురిపెం.

కోటబొమ్మాళి చుట్టుపక్కల పొలం ఇళ్ళలో పని హాయిగా సాగింది. కడ్డీ సగం గీతలు దాటకముందే కేకలు వేసేవారు. ఒకావిడ నా చెయ్యి తోసేసి, "ఓలమ్మో, ఆపీయండి బాబూ! రేపు కోతలకెల్లాల నాను. కాలిరిగిపోతే మీరొచ్చి కోస్తారేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. కొలత దొరికిందని నేనూ నవ్వాను.

తర్వాత తూర్పున సముద్రం ఒడ్డు పల్లెకు మారాం. ఆ పల్లె పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నేనూ, మా అటెండరు సింహాచలమూ పొద్దున్న బస్సుకు చేరి, సాయంత్రం రైలు అందేలా తిరిగొచ్చేవాళ్ళం. ఆడవాళ్ళను పరీక్షించేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలన్నది మా నియమం. అందుకు పోలమ్మ అనే ఆవిణ్ణి కుదుర్చుకున్నాం. భర్త సముద్రంలో పోయాడు. ఎండుచేపలు అమ్ముకుని ఒంటరిగా బతికేది. ఇంటింటికీ వెళ్ళి మనుషుల్ని పిలుచుకొచ్చేది, ముంగిట్లో చాప వేసేది, నా మాట అర్థం కానివాళ్ళకు విడమరిచి చెప్పేది.

ఆ పల్లెలో ఎవరూ 'నొప్పి' అనలేదు. కడ్డీ చివరి గీత దాకా వెళ్ళేది. "నొప్పెడితే చెప్పమ్మా" అంటే "నేదు బాబూ" అనేవారు. అంతకుమించి నొక్కకూడదన్నది నియమం కాబట్టి ఆపేసేవాణ్ణి. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వరసగా అందరూ అంతే. కాలేజీకెళ్ళి చెబితే ప్రొఫెసర్ గారు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఉప్పునీళ్ళలో నానిన చర్మమనీ, తరతరాల కష్టమనీ అప్పటికప్పుడు రెండు సిద్ధాంతాలు చెప్పేశారు. పెద్ద సభలో చదవాల్సిన పేపరు ఇదని మురిసిపోయారు.

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే 'నేదు' అంటున్న మనిషి అరచేతిలో ముల్లు గంతులు వేస్తోంది. కొందరికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తల పక్కకు తిప్పుకుని, పళ్ళు బిగించి, మళ్ళీ "నేదు" అనేవారు. నరం వార్త మోస్తోంది, మెదడుకు అందుతోంది, చెమట గ్రంథి దాకా కబురు వెళుతోంది. ఆగిపోతున్నది నోటి దగ్గరే. ఇది చర్మం మందం వల్ల జరిగేది కాదని నాకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు.

ఆ రోజుల్లోనే నూకరత్నం వచ్చింది. పెళ్ళై ఎంతో కాలం కాలేదు. భర్త ఎర్రయ్య తెప్ప మీద వేటకెళితే, ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. ఆమె ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటుంది. అంతకు కొన్ని వారాల ముందు సర్కారు కుష్ఠు నివారణ డాక్టరు గారు ఊరూరా తిరుగుతూ ఆ పల్లెకు వచ్చారట. పాలిపోయిన మచ్చ ఉండి, ఆ మచ్చ మీద సూది పోటు తెలియకపోతే అది ఆ జబ్బుకు పెద్ద గుర్తు. ఆ క్రిమి చేరేది నరంలోనే కాబట్టి. డాక్టరు గారు గుచ్చారు, ఆమె కదల్లేదు. మళ్ళీ వచ్చి చూసి పేరు రాసుకుంటానని చెప్పి వెళ్ళారు. అక్కడ జనం ఆ జబ్బు పేరు ఎత్తరు, 'పెద్దరోగం' అంటారు.

"ఇప్పటికే మాయత్త నాకు కంచం ఏరుగా ఎట్టీసినాది" అంది నూకరత్నం. "పేరు రాసీసుకున్నారంటే నా సేతి సేప ఎవులు కొంటారు బాబూ? తెప్ప మీద నా మొగుణ్ణి ఎవులు ఎక్కనిస్తారు? మీకాడ మిషన్ ఉన్నాది గందా, మీరు సూసి సెప్పండి."

ఆమె కళ్ళకు గుడ్డ కట్టి, మచ్చ ఉన్న చేతిని సూదితో తాకాను, రెండో అరచేతికి వెండి బిళ్ళలు. ఊరికే తాకినప్పుడు ముల్లు కదల్లేదు. గుచ్చినప్పుడల్లా కదిలింది. "తెలుస్తోందా?" అంటే "నేదు" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నాకు విసుగొచ్చింది, భయమూ వేసింది. బాగున్నానని రుజువు కావాలని తనంతట తాను వచ్చి కూర్చున్న మనిషి, తనకు అక్కరకొచ్చే ఒక్క మాట ఎందుకు అనదు? ఒకవేళ నా పెట్టే తప్పు చెబుతోందా? అదే నిజమై, నేను అడ్డుపడితే, మందు అందక ఆమె వేళ్ళు పోతాయి. ఆ ఆలోచన నన్ను రైలు దిగేదాకా వదల్లేదు.

మర్నాడు పెట్టె సరిగ్గా ఉందో లేదో పరీక్షించాను. రోజూ పని మొదలుపెట్టేముందు ఎవరో ఒకరి మీద చూసుకోవాలి. రోజూ సింహాచలం కాలు చాచేవాడు. ఆ రోజు అతను మారు బ్యాటరీల కోసం వెనక్కు వెళ్ళడంతో పోలమ్మను కూర్చోమన్నాను. కడ్డీ సగానికి రాకముందే పోలమ్మ, "ఓరి నాయనో! ఏటి బాబూ, సంపేస్తారా?" అని అరిచింది. ఆ పల్లెలో నేను విన్న మొదటి కేక అది. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెను కోపంగా కాదు, జాలిగా చూశారు.

"అందరూ 'నేదు' అంటే నువ్వొక్కదానివే అరిచావేం?" అని అడిగాను. ఆమె వాళ్ళను పంపేసి, గొంతు తగ్గించి చెప్పింది. "తెప్ప నీటి మీదున్నంతసేపూ ఇంటికాడ ఆడది నొప్పని ఒప్పుకోకూడదు బాబూ. నోటితో గానీ, సేత్తో గానీ. ఒప్పుకుంటే ఆ నొప్పి తెప్ప కాడికెల్లిపోతాది. పురిటి నొప్పులొచ్చినా గుడ్డ కరుసుకుని ఉంటారు గానీ అమ్మా అనరు."

"ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదే?"

"తెప్పలెల్లిన యేల ఆ మాట అనుకోడం గూడా కూడదు. నాకేటి బాబూ? నా మొగుణ్ణి సముద్రం ఎప్పుడో ఎట్టుకుపోనాది. ఇంక నాను ఎవులికోసరం నోరు కట్టుకోవాల?"

వేకువనే తెప్పలు వెళతాయి, ఎండ వాలే వేళకు ఒడ్డుకొస్తాయి. మేము పొద్దున్న వచ్చి, తెప్పలు రాకముందే రైలుకు పరుగెత్తేవాళ్ళం. కుష్ఠు డాక్టరు గారి జీపూ పొద్దున్నే వస్తుంది. మా సర్కారు వేళలకూ వాళ్ళ సముద్రం వేళలకూ పొంతన లేక మధ్యలో నూకరత్నం ఇరుక్కుంది. విషయం తెలిసినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. డాక్టరు గారు ఆ వారంలోనే రావాల్సి ఉంది.

ఆయన వచ్చిన రోజు పొద్దున్నుంచీ ఈశాన్యం గాలి ఉండుండి విసురుతోంది. ఆయన సివిల్ అసిస్టెంట్ సర్జన్, సర్వీసులో నాకంటే చాలా పెద్ద. ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డ మనిషి, పనిలో నిక్కచ్చి. మచ్చ మీద గుచ్చారు. నూకరత్నం కొంగు చివర గుప్పిట్లో నలుపుతూ "నేదు" అంది. నేను నా పెట్టె తెచ్చి చూపించాను, ఆచారం సంగతీ చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"ఏమయ్యా ఫిజియాలజీ, ముల్లు ఊగిందని నేను జబ్బు లేదని రాయనా? పేషెంటు తెలియదంటోంది. నేను వదిలేసి వెళితే, రెండేళ్ళ తర్వాత ఆ వేళ్ళు వంకర పోతే, అప్పుడు నీ పెట్టె వచ్చి సరిచేస్తుందా?" అన్నారు. నేను రాత్రుళ్ళు భయపడుతున్నదీ అదే.

తెప్పలు వచ్చేదాకా ఆగమని బతిమాలాను. ఆ జీపు చాలా ఊళ్ళకు ఒక్కటే, టెక్కలిలో జనం కాచుకుని ఉంటారు. అయినా సరేనని పల్లె పెద్ద ఇంట్లో భోజనం చేశారు. మేమంతా ఒడ్డుకెళ్ళి నిలబడ్డాం. ఆ రోజుల్లో ఏజెన్సీ వైపు గొడవలకు పోలీసులు తిరుగుతుండటం వల్ల జీపును చూస్తేనే జనం గుంపులుగా చేరి దూరంగా నిలబడేవారు. ఆ రోజు వాళ్ళు జీపును చూడటం లేదు. కెరటాలు లేచి పడుతున్నాయి. తెప్పలు ఒక్కొక్కటే తేలాయి. ప్రతి తెప్ప ఇసుక తగలగానే ఒక ఇంటి ఆడవాళ్ళు గుంపులోంచి విడిపోయి పరుగెత్తేవారు. చివరికి ఎర్రయ్య తెప్ప ఒక్కటే మిగిలింది. సముద్రం మీద ఎంత దూరం చూసినా ఏమీ లేదు.

డాక్టరు గారు గడియారం చూసుకున్నారు. నూకరత్నం దగ్గరకు వచ్చి, మెత్తగానే అడిగారు. "చూడమ్మా, మళ్ళీ ఒక్కసారి గుచ్చుతాను. తెలిస్తే తెలిసిందని ఒక్క మాట చెప్పు, నీ పేరు కొట్టేసి వెళ్ళిపోతాను. చెప్పకపోతే రాసుకోక తప్పదు."

గుచ్చారు. ఆమె మెడ నరాలు తేలాయి. అత్త ఆమె ముఖంలోకే చూస్తోంది. కంచం వేరుచేసిన అత్త, కోడలు ఎక్కడ నోరు విప్పుతుందోనని వణికిపోతోంది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. నొప్పి నరం మీద నడుస్తుందే గానీ నీళ్ళ మీద నడవదని నాకు తెలుసు. ఆమెను చెప్పమని బలవంతపెట్టడం నా ధర్మం. నేను బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ సమయంలో ఆమె అనకుండా ఉంటే బాగుండునని నాకే అనిపించింది. అంత భయం వేసింది ఆ ఖాళీ సముద్రాన్ని చూస్తే.

"నేదు బాబూ" అంది నూకరత్నం. "రాసీసుకోండి."

ఆయన రాసుకున్నారు. ఆయన వెళ్ళి జీపులో కూర్చున్నారు. ఇంజను మొదలైంది. నూకరత్నం అటు తిరిగి కూడా చూడలేదు, ఆమె కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

పోలమ్మ ముందు చూసింది. "అదిగో!" అని వేలు చూపించింది. ఉత్తరంగా, ఎవరూ చూడని వైపు, కెరటం లేచినప్పుడు కనిపించి పడినప్పుడు మాయమవుతూ ఒక తెప్ప. నేను ఇసుకలో పరుగెత్తి జీపు ముందు నిలబడ్డాను. ట్యూటర్ వెళ్ళి సివిల్ అసిస్టెంట్ సర్జన్ జీపుకు అడ్డం నిలబడటం ఏ సర్వీసు రూల్సులోనూ లేదు. ఆయన గట్టిగానే తిట్టారు. తిట్టి, ఇంజను ఆపించారు.

తెప్ప చేరడానికి చాలాసేపు పట్టింది. తెడ్డు విరిగిందట. గాలి ఉత్తరానికి లాక్కుపోతే ఒడ్డు వెంబడే నెట్టుకొచ్చారు. ఎర్రయ్య కాళ్ళు ఇసుకలో ఆనాయి. నూకరత్నం అతని దగ్గరకు వెళ్ళలేదు. తిన్నగా జీపు దగ్గరకొచ్చి, చెయ్యి చాపి, "ఇప్పుడు గుచ్చండి" అంది.

ఆయన గుచ్చారు.

"ఓలమ్మో! సచ్చిపోనాన్రా నాయనా! అది సెయ్యనుకున్నావా, సేపనుకున్నావా డాట్రా?" అని ఆమె వేసిన కేకకు జీపు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. ఒడ్డునున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అత్త మాత్రం ఇసుకలో కూలబడి ఏడ్చింది. డాక్టరు గారు నవ్వలేదు. కళ్ళకు గుడ్డ కట్టి, మచ్చ మీదా, చుట్టూ, ఊరికే తాకుతూ, గుచ్చుతూ చాలాసేపు చూశారు. గుచ్చిన ప్రతిసారీ ఆమె వేలు సరిగ్గా అక్కడికే వెళ్ళింది. మోచేతి దగ్గర నరం తడిమి చూశారు, లావెక్కలేదు. "ఇది ఉత్త శోభి మచ్చ, పెద్దరోగం కాదు" అని, పూతమందు రాసిచ్చి, పేరు కొట్టేశారు. వెళ్ళబోతూ నాతో, "ఈ ఒడ్డున నేను పొద్దున్నపూట చూసి పేర్లు రాసుకున్న ఆడవాళ్ళందర్నీ మళ్ళీ చూడాలయ్యా" అన్నారు.

తర్వాత నేను నూకరత్నాన్ని అడిగాను, పొద్దున్న గుచ్చినప్పుడు నిజంగా నొప్పి పుట్టిందా అని. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"పుట్టకేటి బాబూ? నా సెయ్యి నా సెయ్యే గందా. కానీ ఆడు నీటి మీద ఉన్నాడు."

మేము రైలు వేళ మానుకుని, తెప్పలు ఒడ్డుకొచ్చాక మళ్ళీ కొలిచాం. పోలమ్మ వేసిన చాప మీదే, అదే కడ్డీతో. కోటబొమ్మాళి ఆడవాళ్ళు ఎక్కడ కేక వేశారో వీళ్ళూ దాదాపు అక్కడే వేశారు. ప్రొఫెసర్ గారికి ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చిక్కలేదు, తప్పదు గనక చెప్పాను. తర్వాత ముందు తీసిన కొలతలన్నీ ఆయనే అడ్డంగా కొట్టేశారు. పేపరు చదవలేదు. తేడా లేదని తేలిన పరిశోధన వినడానికి ఎవరూ సభకు రారు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. నరంలో నడిచే వార్తను కొలవవచ్చు. అది మెదడుకు చేరిందో లేదో కూడా చెప్పవచ్చు. అది చేరాక మనిషి ఏమంటాడన్నది మాత్రం ఆ మనిషి ఎవరి కోసం భయపడుతున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి తెలుసుకోకుండా తీసిన కొలత ఎంత కచ్చితమైనదైనా తప్పే. రిటైరయ్యేదాకా నా విద్యార్థులెవరినీ ముందు ఒక ప్రశ్న అడగకుండా సూది ముట్టుకోనివ్వలేదు: 'నొప్పి ఉందని చెబితే మీకుగానీ, మీ వాళ్ళకుగానీ ఏమైనా నష్టమా?' అడిగినవాళ్ళలో చాలామంది నవ్వి లేదనేవారు. ఎప్పుడో ఒకరు మాట్లాడకుండా తల దించుకునేవారు. వాళ్ళను ఆ రోజుకు గుచ్చకుండా పంపేసి, ఎప్పుడు రావాలో వాళ్ళనే చెప్పమనేవాళ్ళం.